శబ్దం ఏ వైపు నుంచి

వాకిలి ఊడ్చి నీళ్లు చల్లే వేళకు ఖోసియత్ తెల్లవారి నమాజు ముగించుకుని ద్రాక్ష పందిరి కింద బల్లమంచం మీద కూర్చుంది. చేతిలో, నిన్న కొడుకు ఇల్హోమ్ తెచ్చిన చిన్న స్పీకరు ఉంది. సంతలో పుచ్చకాయను ఎంచే మనిషిలా దాన్ని చూస్తోంది. అరచేతిలో ఆడించి బరువు తెలుసుకుంది, వేలి కణుపుతో తట్టింది, ఎక్కడా తీగ కనబడక వెనక్కి తిప్పి చూసింది.

"వైరు ఉండదమ్మా. నీ ఫోన్లో పెడితే ఇందులోంచి పలుకుతుంది," అని నిన్ననే చెప్పాడు ఇల్హోమ్. "నా స్నేహితుడి కొట్టులోది. కొన్నాళ్లు వాడి చూడు. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేద్దాం."

"వైరు కూడా లేదంటే దేనికి కట్టెయ్యాలిరా? దూడలా పారిపోతే?"

తల్లీకొడుకులు నవ్వుకున్నారు. కోడలు మవ్లూదా మాత్రం నవ్వలేదు. టీ పోస్తూ, మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది. కొన్నాళ్లుగా ఆ పిల్ల అంతే. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే సూటిగా చూడదు, ఒక చెంప చూపిస్తుంది. అది చూసినప్పుడల్లా ఖోసియత్‌కు ఒళ్లు మండేది.

భర్త పోయాక ఇల్లు మూగబోయినట్టయింది ఆమెకు. పని చేసుకుంటూ ఖురాన్ పారాయణం వినాలని కోరిక. ఫోను గొంతు తందూరు చిటపటల్లోనే కలిసిపోయేది. అందుకే ఈ స్పీకరుకు ఆమె పెట్టిన పరీక్షలు అన్నీ ఇన్నీ కావు. పిండి పిసికిన చేత్తోనే మీటలు నొక్కింది. వాకిట్లో నీళ్లు చల్లుతూ దాని మీదా నాలుగు చుక్కలు చిలకరించింది. అది తుమ్మలేదు, దగ్గలేదు. గొంతు పూర్తిగా పెంచితే కాస్త గరగరలాడింది కానీ మాట చెడలేదు. వంటింట్లో ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టినప్పుడు మాత్రం మనసు ఒప్పలేదు. ఆ వీధి ఆడవాళ్లకు పారాయణం చేసిపెట్టే ఆయ్‌దిన్ పెద్దమ్మను గోడ మీదుగా పిలిచి, దేవుడి మాట ఉల్లిపాయల మధ్య పలకవచ్చా అని అడిగింది.

"ఉల్లిపాయలూ ఆయన చేసినవేగా," అంది పెద్దమ్మ. "వినే చెవికి మర్యాద ఉండాలి. అది చూసుకో చాలు."

చెవికి మర్యాద అనగానే ఖోసియత్‌కు కోడలే గుర్తొచ్చింది.

మంచి ఇంటి కోడలు అత్త మొదటి పిలుపుకే "లబ్బై" అనాలి. చిత్తం, వస్తున్నా అన్నట్టు ఆ ఒక్క మాట. చేతిలో ఏ పని ఉన్నా సరే. వాళ్ల ఊరు రిష్తాన్‌లో కోడలి మంచీ చెడూ ఆ మాట మీదే తేలుతుంది. తన కాలంలో అత్త గొంతు సవరించుకున్నా లబ్బై అనేది ఖోసియత్. మవ్లూదా కూడా కాపురానికి వచ్చిన కొత్తలో అలాగే ఉండేది. కిందటి వసంతంలో ఒకరోజు, చుట్టాలు భోజనాలకు కూర్చున్నప్పుడు పిలిస్తే పలకలేదు. తందూరులో తల దూర్చి రొట్టెలు అతికిస్తున్నానని, మంట హోరులో వినబడలేదని తర్వాత చెప్పుకుంది. కానీ నలుగురిలో తల కొట్టేసినట్టయిన ఖోసియత్ ఆ సాయంత్రం కొడుకుతో ఒక మాట అంది.

"నీ పెళ్లాం చెవికి నా గొంతు ఆనడం లేదురా."

కాసేపటికి గోడ అవతల దెబ్బ వినబడింది. పిండి ముద్దను బల్లకేసి కొట్టినట్టు, ఒక్కటే. ఖోసియత్ జపమాల పూసలు కాస్త వేగంగా తిప్పింది. మర్నాడు కోడలు దిండు గలీబు ఉతుకుతుంటే నెత్తుటి మరక కనబడింది. పెదవి చిట్లి ఉంటుందనుకుంది. చెంచాడు తేనె ఇచ్చి, ఓర్చుకునేవాళ్ల పక్కన దేవుడుంటాడమ్మా అని చెప్పింది. కొట్టేవాళ్ల పక్కన ఎవరుంటారన్న ప్రశ్న ఆ రోజు ఆమెకు రాలేదు.

ఆ దెబ్బతో పిల్ల బాగుపడాలి కదా. బాగుపడలేదు సరికదా మరీ చెడింది. ఒకసారి పలికితే రెండుసార్లు పలకదు. కమ్మలు కూడా ఒక చెవికే పెట్టుకుంటోంది, రెండోది ఏదని అడిగితే మాట్లాడదు. ఖోసియత్ కొడుకుతో చెప్పేది. అతను కొట్టేవాడు. మళ్లీ పలికేది కాదు. మళ్లీ చెప్పేది.

ఆ రోజు చలికాలపు పరుపులకు దూది కొట్టే పని పెట్టుకున్నారు. వాకిలి మధ్య చాప పరిచి, పాత పరుపుల దూది గుట్టపోసి, మవ్లూదా రెండు చేతులా సన్నని బెత్తాలు పట్టుకుని కొడుతోంది. అట్టకట్టిన దూది దెబ్బ దెబ్బకీ విడిపోయి గాలిలోకి లేస్తోంది. ఆమె జుట్టు మీదా కనుబొమల మీదా తెల్లగా పేరుకుంది. ఎందుకో ఆ పని మాత్రం ఆ పిల్ల పళ్లు బిగబట్టి చేస్తుంది.

స్పీకరుకు చివరి పరీక్ష ఒకటి మిగిలింది. శబ్దం వాకిలంతా అందుతుందా లేదా. ఖోసియత్ దాన్ని తీసుకెళ్లి కొట్టుగది కిటికీలో, దానిమ్మ పళ్ల బుట్టల వెనక పెట్టింది. తిరిగొచ్చి బల్లమంచం మీద కూర్చుని ఫోను నొక్కింది. పారాయణం వాకిలిని నింపేసింది. కళ్లు మూసుకున్నా ఎక్కడినుంచి వస్తోందో వేలు పెట్టి చూపించేలా ఉంది. తృప్తిపడి, ఇక తెమ్మందామని కోడల్ని పిలిచింది.

బెత్తాలు ఆగలేదు. ఇంకోసారి పిలిచింది. మూడోసారి గొంతు చించుకుంటే గానీ మవ్లూదా తలెత్తలేదు.

"లబ్బై, అత్తమ్మా."

"ఆ స్పీకరు ఇటు తీసుకురా. ఎక్కడుందో నేను చెప్పక్కర్లేదు, అదే అరిచి చెబుతోంది."

మవ్లూదా లేచింది. చాప దాటి నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. తల ఎత్తి, గాలిని వాసన చూస్తున్నట్టు అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత తందూరు వైపు వెళ్లింది. అక్కడ లేదు. పశువుల కొట్టంలోకి తొంగి చూసింది. అక్కడా లేదు. కొట్టుగది ముందునుంచే నడిచి గేటు దాకా వెళ్లి, సంతలో తప్పిపోయిన పిల్లలా వెనక్కి తిరిగి చూసింది.

తనను ఆటపట్టిస్తోందనుకుంది ఖోసియత్. రక్తం తలకెక్కింది. సరిగ్గా అప్పుడే గేటు తోసుకుని ఇల్హోమ్ వచ్చాడు. పొద్దున్నే వ్యాను తోలుకుపోయి టీ వేళకు ఇంటికొస్తాడు.

"చూడరా నీ పెళ్లాం వేషాలు," అంది తల్లి. "కళ్ల ముందు మోగుతున్నదాన్ని తెమ్మంటే నాతో దాగుడుమూతలాడుతోంది."

మవ్లూదా అప్పటికి భయంతో చాప దగ్గరికి వచ్చేసింది. ఇల్హోమ్ ఆమెకు ఎడమవైపు వెనకనుంచి వచ్చాడు. "మవ్లూదా," అని అరిచాడు.

ఆమె ఉలిక్కిపడింది. చేతులు దులుపుకుని, చటుక్కున కుడివైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. సున్నం పెచ్చులూడిన గోడ ఉంది. ఆ గోడ ముందు మవ్లూదా గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది.

"లబ్బై," అంది గోడతో.

ఖోసియత్ చేతిలో ఫోను జారిపోయింది. వద్దురా అంటూ లేవబోయింది.

ఇల్హోమ్‌కు అది వెక్కిరింతలా కనబడింది. అరచేయి ఎడమ చెవి మీద పడింది. మవ్లూదా దూదిగుట్టలో పడిపోయింది. చప్పుడు కాలేదు, తెల్లగా పొగలా లేచిందంతే. అతను కింద ఉన్న బెత్తం అందుకున్నాడు. దూదిని కొట్టినట్టే కొట్టాడు, భుజం మీద, వీపు మీద, మొహానికి అడ్డుపెట్టుకున్న చేతుల మీద. ఆమె అరవలేదు. దెబ్బ పడ్డచోటల్లా దూది ఎర్రబడింది.

రెండో బెత్తం ఖోసియత్ చేతికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. చెప్పులు లేని కాళ్లతో పరుగెత్తి మొదటి దెబ్బ కొడుకు మణికట్టు మీద వేసింది. అతని చేతిలోది ఎగిరిపోయింది. రెండోది మెడ మీద. వాడిని కన్నాక ఒక్కసారైనా చెయ్యెత్తని తల్లి, దొరికినచోటల్లా కొట్టింది, చెంప చీరుకుపోయి నెత్తురు కారినా ఆపలేదు. ఇల్హోమ్ ఆమె చెయ్యి ఒడిసిపట్టి నెట్టాడు. ముసలి మనిషి వెళ్లి కోడలి పక్కనే పడింది, మోచెయ్యి రాతికి కొట్టుకుంది. అప్పుడు ఆగాడతను. తన చేతుల్ని తానే చూసుకున్నాడు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా అమ్మా?" అన్నాడు వగరుస్తూ. "ప్రతిసారీ నువ్వు చెబితేనేగా కొట్టింది. నీ మర్యాద కోసమేగా."

"అవును," అంది ఖోసియత్, లేవకుండానే. "నేనే చెప్పాను. నువ్వు దాని చెవి పగలగొట్టావు. వినడం లేదని నేను మళ్లీ చెప్పాను. నువ్వు మళ్లీ కొట్టావు. ఇద్దరం కలిసే చేశాం."

"చెవి పగలడమేంటి?"

"గోడకు లబ్బై చెప్పింది చూడలేదా? నువ్వు ఆ పక్కనుంచి పిలిస్తే ఈ పక్కకు తిరిగింది. శబ్దం ఎటునుంచి వస్తోందో ఆ పిల్లకు తెలియడం లేదురా. వసంతం నుంచి తెలియడం లేదు. మనకు కళ్లున్నాయి, మనకూ తెలియలేదు."

ఇల్హోమ్ భార్య వైపు చూడబోయి మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి, తప్పు తల్లిదే అన్నట్టు, నువ్వు అలా చెప్పకుండా ఉండాల్సింది అని గొణిగాడు.

"ఉండాల్సింది. దానికి దేవుడి ముందు నేను జవాబు చెప్పుకుంటాను. కానీ చెయ్యి నీది. నా మాట అన్యాయమని దానికి ఒక్కసారైనా తోచలేదా?" ఆమె గేటు వైపు చూపించింది. "ఇంటి తాళం బల్లమంచం మీద పెట్టి మీ మామయ్య ఇంటికి పో. ఈ పిల్ల రమ్మంటే రా. నేను రమ్మన్నా రాకు."

వీధి అంతా నవ్వుతుందన్నాడు. నవ్వనీ అంది. అతను తాళం పెట్టి వెళ్లాడు. వ్యాను చాలాసేపు కదల్లేదు. గేటు సందులోంచి, స్టీరింగు మీద తల ఆన్చి భుజాలు అదిరేలా ఏడుస్తూ కూర్చున్న కొడుకు కనబడ్డాడు. తల్లి మనసు అటు లాగింది. లేచి వెళ్లలేదు.

మోకాళ్ల మీద పాకి మవ్లూదా కుడివైపు చేరింది. ఆమె జుట్టులో దూది ఏరుతూ, గుసగుసగా అడిగింది. "ఎందుకు చెప్పలేదమ్మా?"

కొట్టుగదిలో పారాయణం సాగుతూనే ఉంది.

"ఓర్చుకోమన్నారు కదా అత్తమ్మా," అంది మవ్లూదా.

ఖోసియత్ ఆ దూదిలోనే తల పెట్టుకుని ఏడ్చింది. కోడలు ఓదార్చలేదు. ఓదార్చమని అడిగే మొహం తనకు లేదని ఆమెకూ తెలుసు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెవి లోపలికి దీపం వేసి చూసి, కర్ణభేరి చిరిగి నెలలు దాటిందని, వినికిడి కొంత తిరిగి రావచ్చని, రాకపోనూవచ్చని చెప్పింది. ఎలా తగిలిందని అడిగింది. మవ్లూదా తలుపు తగిలిందనబోతుంటే ఖోసియత్ అడ్డుకుని, నా కొడుకు కొట్టాడు, నేను కొట్టించాను, అలాగే రాయండి అంది. తిరుగు దారిలో, పుట్టింటికి వెళ్తానంటే తానే స్వయంగా దిగబెడతానని, మీ అమ్మకు కూడా ఇదే మాట చెబుతానని అంది. మవ్లూదా ఆలోచించి చెబుతానంది.

ఇంటికొచ్చేసరికి కొట్టుగది నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ ఆపకపోవడంతో స్పీకరు పలికి పలికి తనంతట తానే ఆగిపోయింది. ఖోసియత్ దాన్ని దానిమ్మ పళ్ల వెనకనుంచి తీసి కొంగుతో తుడిచింది. వస్తువుకు వంక పెట్టడానికి లేదు. వాకిలి అవతల పెట్టినా దాని మాట స్పష్టంగా అందింది. తన పక్కన ఉన్న పిల్లనే తాను వినలేదు. వెనక్కి ఇవ్వనక్కర్లేదనుకుని, దాన్ని తీసుకెళ్లి వంటింట్లో, కోడలు కూర్చుని ఉల్లిపాయలు తరిగే పీటకు కుడివైపు పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఖోసియత్ ఎవరినీ పిలవలేదు. వాకిలి తానే ఊడ్చింది, మోచేతికి కట్టుతోనే. నీళ్లు చల్లుతుండగా వంటింటి గుమ్మం దగ్గర అలికిడైంది. మవ్లూదా నిలబడి ఉంది, మొహం వాచి, తలకు గుడ్డ చుట్టుకుని. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆ పిల్ల ఎన్నడూ అత్తను దూరంనుంచి కేకేసి పిలవలేదు. కోడళ్లు పిలవరు.

"అత్తమ్మా," అని పిలిచింది గట్టిగా.

చేతిలో చెంబు కింద పెట్టి, గుండె మీద చెయ్యి పెట్టుకుంది ఖోసియత్.

"లబ్బై, తల్లీ," అంది. అని, వాకిలి దాటి ఆమె కుడివైపుకు నడిచింది.