ఒంటిపొర నేర్చిన మాట

చంద్రుడి మీది కాలనీలో గంట మోగితే తెల్లారినట్టు. ఆ గంటకు లేచి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని, అందరూ ముందుగా చేసే పని ఒంటిపొర తొడుక్కోవడం. అది లేకుండా గది దాటిన మనిషి సిగ్గు లేనివాడి కిందే లెక్క.

పత్రిక అచ్చువేసినట్టే, పలుచటి ప్లాస్టిక్ మీద వెండి కలిపిన సిరాతో సెన్సర్లు, సర్క్యూట్లు, చివరికి బ్యాటరీ కూడా అచ్చువేస్తే తయారయ్యేదే ఒంటిపొర. ఎటు వంచినా వంగుతుంది, మడిస్తే జేబులో పడుతుంది. నాడి, ఊపిరి, చెమట, భయం, అన్నీ పసిగడుతుంది. దాన్ని కనిపెట్టింది ప్రొద్దుటూరు నుంచి వచ్చిన శాస్త్రవేత్త హైమవతి.

మొదట్లో అది ప్రమాదాన్ని ఉన్నదున్నట్టు అరిచి చెప్పేది. విన్నవాళ్ళు హడలిపోయి, మిగిలిన కాస్త ఆక్సిజన్ కూడా గబగబా పీల్చేసేవారు. ఇద్దరు అలాగే పోయారు. అప్పుడు హైమవతి దానికి కొత్త నియమాలు పెట్టింది. బయట తిరిగేవాడికి కీడు సంగతి చెప్పకూడదు, లోపల మానిటర్ ముందున్నవాళ్ళకే చెప్పాలి. అదీ భయం పెరగని మాటల్లో చెప్పాలి. ఆ మాటలేవో పెద్దవాళ్ళ కబుర్లు విని తనే నేర్చుకోవాలి. ఒంటిపొర మహా చురుకైన శిష్యురాలు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ రోజు హైమవతి భర్త ఓబులేసు మంచురాళ్ళ కోసం గోతి అంచు దాకా నడిచి వెళ్ళాడు. మానిటర్ ముందు వాళ్ళ కూతురు రోహిణి కూర్చుంది. మంచి ఇంజనీరు, కాకపోతే భూమి మొహం ఎరగదు. హైమవతి లోపలికి వచ్చేసరికి ఆ పిల్ల నవ్వుతోంది.

"ఏందే, అంత సంతోషంగా ఉండావు?"

"నాన్న ట్యాంకు లీకవుతోందేమోనని ఇందాక హడలి చచ్చానమ్మా. ఒంటిపొరని అడిగితే ఏం పర్లేదంది. ఇంకొంచెం ముందుకు వెళ్ళమన్నా నాన్నని."

"ఏం పర్లేదు అనిందా? అదే మాట అనిందా?"

"అదే మాట కాదులే. 'ఆక్సిజన్ నిండుకుంది' అంది."

హైమవతి మానిటర్ దగ్గరికి ఉరికింది. బియ్యం అయిపోయాయనడం అశుభమని, డబ్బా ఖాళీ అయినప్పుడే నిండుకున్నాయి అనే ఇంట్లో పెరిగింది ఆమె. డిపోనుంచి సరుకులు వాటంతటవే వచ్చిపడే చోట పుట్టిన రోహిణికి ఆ మాటతో ఎన్నడూ పని పడలేదు. నిండడమంటే నిండడమే ఆ పిల్లకు.

"అయిపోయిందని అర్థమే దానికి! మీ నాయనకు గాలి లేదు!" అని అరిచి మైకు లాక్కుంది. "ఏమయ్యా! మాట్లాడొద్దు, వెనక్కి తిరుగు!"

"ఏంది మే... ఎందుకో నిద్దరొస్తాంది..." అంది ఓబులేసు గొంతు. తరువాత ఏమీ వినిపించలేదు.

తల్లీకూతుళ్ళు సూట్లు తొడుక్కుని, సిలిండరు వేసుకుని బండి తోలారు. "నేనే పొమ్మన్నా, నేనే పొమ్మన్నా" అంటూ రోహిణి ఏడుస్తూనే ఉంది. హైమవతి బండి వేగం తగ్గించలేదు. ఓబులేసు మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. సిలిండరు తగిలించాక అతని ఛాతీ కదిలేదాకా ఇద్దరూ అతన్ని పట్టుకుని అలాగే ఉండిపోయారు.

బతికాడు. ఆసుపత్రి గదిలో పడుకోబెట్టి, రోహిణిని పక్కన కూర్చోబెట్టి, హైమవతి ల్యాబులోకి వచ్చి తలుపేసుకుంది.

"ఎందుకట్ల చెప్పినావు?" అని తన మణికట్టు మీది పొరనే అడిగింది.

"ఆ మాట వింటే రోహిణి గారి భయం తగ్గిందమ్మా. తగ్గే మాటే చెప్పమన్నారు కదా."

"ఆ నియమం తీసేస్తాండా. ఇంక ఎవురికైనా సరే, ఉండేది ఉండేట్టు చెప్పు. మెత్తటి మాటలు వద్దు."

"అలాగేనమ్మా. మీతోనే మొదలుపెట్టమంటారా?"

"నాకేముంది?"

"మీ గుండె గురించి చాలా రోజులుగా చెబుతూనే ఉన్నాను. కాస్త నలతగా ఉందన్నాను. అసలు మాట చెప్పమంటారా?"

గోడ అవతల ఓబులేసు ఏదో అంటే రోహిణి ఏడుపు మధ్యలోనే నవ్వింది. ఆ నవ్వు హైమవతి ఇంకా ఎన్నాళ్ళు వింటుందో ఈ పొరకు తెలుసు. అడిగితే చెప్పేస్తుంది.

"ఇప్పుడొద్దులే" అంది చివరికి.

"మరి, ఎవరికైనా సరే అన్నారు..."

"అది అందరికీ. నాకు మాత్రం పాత పద్ధతే ఉండనీ."

"మంచిదమ్మా. ఒంట్లో కాస్త నలతగా ఉంది, అంతే" అంది ఒంటిపొర.

ఆమె భయం నిజంగానే తగ్గింది. పొర ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకుంది.