పొలమారిందన్న మాట

మార్చి తొమ్మిది. ఆ పొద్దున మొగుడూ పెళ్ళాలిద్దరూ బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు తిన్నారు. ఆమెకు తేదీతో సహా గుర్తుండడానికి కారణం ఉంది. ఆయన దగ్గి, "పొలమారింది, ఎవరో తలుచుకుంటున్నారు" అనడం ఆ రోజే మొదలైంది. అప్పటికి ఆయన నోట్లో ముద్ద లేదు.

తర్వాత రోజూ అదే మాట. మెట్లు ఎక్కుతుంటే పొలమారేది, సూదిలో దారం ఎక్కిస్తుంటే పొలమారేది.

"ఇన్నిసార్లు మిమ్మల్ని తలుచుకుంటున్న ఆ మహాతల్లి ఎవరండీ?" అని ఒకరోజు అడిగింది.

"కుట్టమని గుడ్డ ఇచ్చినవాళ్ళే. తలుచుకోవడం కాదు, తిట్టుకోవడం."

నవ్వింది గాని నమ్మలేదు. ఆయన టైలర్, ఇంటి కిందే కొట్టు. ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలినప్పుడు సిగరెట్లు మానేశాడు. ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు మొదలయ్యాక గడ్డ తగ్గుముఖం పట్టింది. ఆ ధైర్యంతో మళ్ళీ కాలుస్తున్నాడని ఆమె అనుమానం. లేకపోతే ఆ పొడిదగ్గు ఎందుకు? భోజనం కాగానే కిందికి పోయి, ట్రయల్ గది పరదా లాక్కుని కూర్చోవడం ఎందుకు? విడిచిన చొక్కాలు వాసన చూసింది. జేబులు తడిమింది. గుండీలు తప్ప ఏమీ దొరకలేదు. దొంగ ముదిరిపోయాడనుకుంది.

ఆస్పత్రిలో నర్సు "దగ్గు, ఆయాసం ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే, "లేవమ్మా, అప్పుడప్పుడు పొలమారుతుంది" అన్నాడు. నర్సు దాన్ని పట్టించుకోలేదు. పరాయివాళ్ళ ముందు మొగుణ్ణి రచ్చకీడ్చడం ఇష్టం లేక ఆమె కూడా ఊరుకుంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పిల్లిలా మెట్లు దిగి, పరదా లాగేసింది.

పొగ లేదు. ఆయన స్టూలు మీద ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. ప్యాంటు పైకి మడిచి, తన చీలమండ చుట్టూ కొలత టేపు పట్టుకున్నాడు. మేజోడు అంచు కాలిలో గాడిలా దిగబడింది. పెదవులు నల్లబడ్డాయి.

"ఏం చేస్తున్నారు?"

"కొలత." ఊపిరి అందుకున్నాడు. "పెరుగుతూనే ఉందే."

"ఇదా పొలమారడం?"

ఆయన తల దించుకున్నాడు. "ఆయాసమంటే మందు ఆపేస్తారు. ఆస్పత్రిలో నా పక్క కుర్చీలో ఇదే ఇంజెక్షను ఎక్కించుకునే ఆయనకు అలాగే ఆపేశారు. గడ్డ కరుగుతోంది కదే."

"గడ్డ కరుగుతోందని ఊపిరి మానేస్తారా? నేనిక్కడ సిగరెట్టు పీకలు వెతుక్కుంటున్నా." తిడుతూనే ఆస్పత్రికి ఫోను చేసింది.

"పొలమారడం కాదు డాక్టరుగారూ, దగ్గు. ఆయాసం. కాళ్ళ వాపు" అని ఈసారి ఆమే చెప్పింది.

ఆయన్ని ఆస్పత్రిలో చేర్చుకున్నాక, పరీక్షలన్నీ చూసి డాక్టరమ్మ మంచం దగ్గరికి కుర్చీ లాక్కుంది. "క్యాన్సర్ మీదికి ఉసిగొలిపిన మీ ఒంటి కాపలాయే, అంటే రోగనిరోధక శక్తే, ఊపిరితిత్తుల మీద, గుండె మీద పడింది. స్టెరాయిడ్లు మొదలుపెట్టాం. ఆ ఇంజెక్షను ఇక ఇవ్వం."

"మరి గడ్డో?" అంది ఆమె. వీళ్ళు కూడా ఏదో దాస్తున్నారేమోనని డాక్టరు కళ్ళలోకే చూస్తోంది.

"ఆపాక కూడా కొందరిలో మందు పని కొనసాగుతుంది. మీవారిలోనూ అంతేనని మాట ఇవ్వలేను. ముందు గుండె కుదుటపడాలి."

చీకటి పడేసరికి ఆక్సిజన్‌తో ఆయన మొహానికి కాస్త రంగు వచ్చింది. అడక్కుండానే ఆయా రెండో దిండు తెచ్చి ఆయన వీపు వెనక సర్ది వెళ్ళింది.

"మీ చొక్కాలన్నీ వాసన చూశాను" అంది ఆమె.

"ఉతక్కముందా, ఉతికాకా?"

"ఉతక్కముందే."

"పాపం."

ఆమెకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. ఆయన సూదిపోట్ల వేళ్ళతో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కాసేపటికి, "భయంగా ఉందే" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

"నాకూనూ" అంది.

ఆయన కునుకు తీసేదాకా చెయ్యి కదపలేదు. తర్వాత లేచి, వరండా వెలుతురు ఆయన కళ్ళలో పడకుండా, చప్పుడు కాకుండా లోపలినుంచి తలుపు మూసింది.