కణతవైపు పెట్టవలసిన కోత

ఎవరికి అన్యాయం జరిగింది? అత్తగారికి. ఎలా? కంటి డాక్టరైన కోడలు తన తప్పును ఆవిడ చేతుల మీదికి నెట్టింది. అదీ పరాయివాళ్ళ ముందు.

కోడలి చేతే శుక్లం తీయించుకున్నాక అత్తగారికి వెలుగు వచ్చింది కాని, గీత కుదురుగా నిలవలేదు. ఆవిడ ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టేవారు. లాయరమ్మ కుట్టించుకున్న చలికోటు, అతుకుల దగ్గర చారలు కలవక తిరిగివచ్చిన రోజున గది నిండా జనం. "ప్రతి గీతకీ పక్కన నీడ పడుతోందమ్మా" అని ఆవిడ చెప్పబోయారు.

"కన్ను భేషుగ్గా ఉంది. వయసు మీదపడి చేతులు కుదరడం లేదంటే ఒప్పుకోరు" అంది కోడలు, గుమ్మంలో నిలబడి. ఆ సాయంత్రమే ఆవిడ కుట్టుపని మానేశారు.

ఈవేళ పొద్దున్న టీ తాగుతూ కోడలు రెండో కన్ను సంగతి ఎత్తింది.

"ఒకటి నీకిచ్చాను కదా. రెండోది నాకు ఉండనియ్యి" అన్నారు అత్తగారు.

"ఏంటమ్మా ఆ మాటలు!" అన్నాడు కొడుకు.

"నువ్వు టీ తాగరా, చల్లారిపోతుంది."

"కొలతలకైనా రండి అత్తయ్యా."

ఆసుపత్రి చీకటిగదిలో ఆవిడ యంత్రానికి గడ్డం ఆన్చారు. రెండు కళ్ళ కొలతలూ చూసిన కోడలు మళ్ళీ మొదటినుంచి కొలిచింది. కత్తి తగలని కంటికి కూడా ముందుపొర వంపు అడ్డంగా ఎక్కువ; కోతకు ముందు మొదటిదీ అలాంటిదే అయివుండాలి. కోత పెట్టిన దిక్కున వంపు చదునవుతుంది. ఇలాంటి కంటికి కణతవైపునుంచి కొయ్యాలి. ఆమె తలాపున కూర్చునే అలవాటుకొద్దీ మొదటి కంటిని పైనుంచి కోసింది. నిలువు చదునై, అడ్డం వంపు ఇంకా పెరిగింది.

ఇంటికొచ్చి అంతా చెప్పింది. తల ఎత్తలేకపోయింది.

"అంటే, నడుము బిగువైతే మెడ దగ్గర విప్పావన్నమాట." అత్తగారు నవ్వలేదు.

"క్షమించండి అత్తయ్యా. అద్దాలతో చాలావరకు సరిచేస్తాను."

"కంటి సంగతి తర్వాత. నన్ను పనికిరానిదాన్ని చేసింది ఎవరి ముందు?"

కోడలు లాయరమ్మనూ, ఆనాడున్న తక్కినవారినీ ముందుగదికి పిలిపించింది.

"తప్పు అత్తయ్య చేతులది కాదు, నాది. వంపు చూసుకోకుండా కోశాను. పైగా ఆవిడ మీద నింద వేశాను."

"కోర్టులో కూడా ఇంత తిన్నగా ఎవరూ ఒప్పుకోరు, డాక్టరమ్మా" అంది లాయరమ్మ మెల్లగా.

పోయిన పరువు అదే గదిలో, అదే మనుషుల ముందు, రవ్వంత తగ్గకుండా తిరిగివచ్చింది. అత్తగారి కళ్ళు తడిశాయి.

"ఇక బాకీ లేదు. రెండో కన్ను నువ్వే కొయ్యి."

కోడలు ఆ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. వెక్కిళ్ళు ఆగలేదు.