మోకాలెత్తు కిటికీ

నర్సు డ్యూటీ బట్టల్లోనే డిటెక్టివ్ దగ్గరికి పరుగున వచ్చింది. భర్త పోయాక ఉన్నదంతా ఊడ్చి, తనకూ నాలుగేళ్ల కొడుక్కూ నీడ ఉంటుందని ఒక పాత ఇల్లు కొనుక్కుంది. తను లేనప్పుడు ఎవరో లోపలికి వచ్చి, మేడ మీద గదిలో కిటికీ మూసి మేకులు కొట్టి వెళ్లారు.

"ఏమీ పోలేదండీ. అదే నా భయం. మమ్మల్ని వెళ్లగొట్టాలని చూస్తున్నారు. ఈ ఇల్లు వదిలితే మాకు దిక్కు లేదు."

డిటెక్టివ్‌ను ఆ వీధిలో అందరూ ప్రశ్నల మాస్టారంటారు. ఆయన ఏమడిగినా మురిసిపోవడం అసిస్టెంటు పని. జీతం అంతంతమాత్రమే అయినా ఆ పని మాత్రం మనసుపెట్టి చేసేవాడు.

ఇద్దరూ వెళ్లి చూశారు. తలుపు తాళం చెక్కుచెదరలేదు. కిటికీ మోకాలెత్తులోనే మొదలవుతుంది, ఊచలు లేవు. గడియ మాత్రం మాస్టారి తలంత ఎత్తున ఉంది. మేకులు సగం వంకరపోయాయి. కిటికీ దగ్గరుండే పిల్లాడి బొమ్మలన్నీ ఎదుటి మూలకు చేరి, వరసగా పేర్చి ఉన్నాయి.

"ఇల్లు ఎవరెవరి చేతులు మారిందమ్మా?"

"కట్టింది ఒక దర్జీ. ఆయన దగ్గర ఒక గుమాస్తాగారు కొన్నారు, ఆయన దగ్గర నేను. దర్జీ కొడుకు వడ్రంగి. నాన్న కట్టిన ఇల్లు, మళ్లీ నాకే అమ్మండని వెంటపడుతున్నాడు."

"ఇంకేం, దొరికాడు!" అన్నాడు అసిస్టెంటు.

మర్నాడు మాస్టారు ఆ గదిలోకే వడ్రంగినీ, రిటైరైన గుమాస్తానూ, ఆయన భార్యనూ పిలిపించారు.

"కిటికీ ఇంత కిందికి ఎందుకు పెట్టారు?"

"నాన్న నేల మీద కూచుని కుట్టేవాడండీ," అన్నాడు వడ్రంగి. "వెలుగు ఒళ్లో పడాలనేవాడు. గుడ్డ మీద నీడ పడుతుందని ఊచలు కూడా వద్దన్నాడు."

"మేకులు నువ్వు కొట్టలేదు. వడ్రంగి చేతిలో మేకు ఇలా వంకరపోదు. బెదిరించేవాడు బొమ్మలు సర్దడు. వచ్చిన మనిషి దగ్గర పాత తాళంచెవి ఉంది. పిల్లాడు ఈ కిటికీ దగ్గరికి పోకూడదన్న బెంగ ఉంది. పొద్దున పక్కింటివాళ్లను అడిగాను." మాస్టారు గుమాస్తా భార్య వైపు తిరిగి గొంతు తగ్గించారు. "అమ్మా, మీ బాబు పడిపోయింది ఇక్కణ్ణుంచే కదూ?"

గుమాస్తా భార్య ముఖం కప్పుకుంది. "దారిన పోతూ చూశానండీ. వీళ్ల బాబు ఈ కిటికీలోంచి వంగి ఉన్నాడు. పాత తాళంచెవితో వచ్చి నేనే మేకులు కొట్టాను."

నర్సు కొడుకును ఒళ్లోకి లాక్కుంది. "నాతో ఒక్కమాట చెబితే పోయేది కదమ్మా!"

"చెబితే మా బాబు ఎలా పడ్డాడని అడుగుతావు తల్లీ."

"వాడే గడియ తీసుకున్నాడు. చిన్నపిల్లాడు, తెలియక," అన్నాడు గుమాస్తా.

అసిస్టెంటు ఉండబట్టలేకపోయాడు. "అంత పైనున్న గడియ వాడికెలా అందిందండీ?"

మాస్టారు చెయ్యెత్తి ఆపబోయారు. అప్పటికే ఆలస్యమైంది.

"నేనే తీశాను," అంది ఆమె గబగబా.

గుమాస్తా ముఖం పాలిపోయింది. "నువ్వు ఆ పూట మీ అక్క ఇంట్లో ఉన్నావు. సిగరెట్టు పొగ పోవాలని నేను తీశాను. వెయ్యడం మరిచిపోయాను." ఆయన భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"ఇంటికి రాగానే తెలిసింది. సిగరెట్టు పీక కిటికీ గట్టు మీదే ఉంది. ఎవరూ చూడకుండా పారేశాను."

"ఇన్నేళ్లూ ఒక్కమాటైనా అనలేదే!"

"అంటే మీరు బతికేవారా? వాడు ఎలాగూ పోయాడు. మీరైనా నాకు మిగలాలి కదండీ."

ఆయన అక్కడే నేల మీద కూలబడి, బిడ్డ పోయాక మొదటిసారి ఆమె ముందు ఏడ్చాడు.