గడప దగ్గర పేరు

“పండ్లు పక్వానికొచ్చాయి.”

లిమాలోని గూఢచారి ఆఫీసులో కర్నల్ ఇబార్రా నోట ఆ కోడ్ మాట రాగానే ఏజెంట్ ఫౌస్టోకి విషయం అర్థమైంది. విదేశీ ముఠా ఈసారి తన సొంతూరు పచాల్కా మీదే కన్నేసింది.

“క్లినిక్‌లో ఉన్నది ఒక్కటే సీసా. నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్. తల్లి కడుపులో కన్ను తయారయ్యేటప్పుడు నరాల్ని సాకే ప్రోటీన్. దాన్నే చుక్కల మందు చేశారు. బతికున్న కణాల్ని కాపాడుతుంది, చచ్చినవాటిని లేపదు. ఇవాళే ఎత్తుకుపోతారు. అక్కడి డాక్టర్ మిరేయా మన మనిషే. వెళ్ళు.”

“అలాగే సార్.”

ఆ మందు పచాల్కా మగవాళ్ళకి తల్లుల వైపు నుంచి వచ్చే కంటి జబ్బుకి. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కచూపు, చివరికి అంతా. అందుకే ఆ ఊళ్ళో ఏ గడప దాటినా పేరు చెప్పాలి. మరిచిపోతే ముసలమ్మలు చెవి మెలేస్తారు. ఫౌస్టోకి చీకట్లో చూపు ఎప్పుడో పోయింది. ఉద్యోగం ఊడుతుందని ఆఫీసులో చెప్పలేదు, పాపం.

పెట్టుడు మీసంతో, పీచ్ పండ్ల బుట్టతో క్లినిక్ మెట్లెక్కాడు. అరుగు మీద అన్న తియోదోసియో కూర్చుని ఉన్నాడు. ఆయనకి చూపు పూర్తిగా పోయింది.

“పండ్ల వ్యాపారినండీ,” అన్నాడు ఫౌస్టో గొంతు మార్చి.

“చాల్లేరా తమ్ముడూ, నీ వేషాలు! నీ అడుగు చప్పుడు నాకు తెలీదా? గుమ్మానికి భుజం కొట్టుకున్నావ్. నీకూ మొదలైందా?”

ఫౌస్టో బుట్ట కింద పెట్టి అన్న పక్కన కూర్చున్నాడు.

“నాకెలాగూ వేళ దాటిపోయింది. నీకు దాటకముందే ఎవరికైనా చెప్పుకోరా నాయనా,” అన్నాడు అన్న. ఫౌస్టోకి ఏడుపొచ్చింది.

మందుల గదికి కిటికీలు లేవు. సీసా ఉన్న ఫ్రిజ్ వెనక నక్కాడు ఫౌస్టో. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఎవరో ఫ్యూజు పీకేశారు. చేతిలో పిస్తోలు ఉండి ఏం లాభం? ఎటు గురిపెట్టాలో తెలియలేదు. బయట ఎవరినో తొందరపెడుతున్నట్టు కారు హారన్ మోగింది. తలుపు కిర్రుమంది.

“నేను, మిరేయాని.”

చెప్పేశాక ఆమె ఊపిరి బిగపట్టింది. అయినా వెనక్కి పోలేదు. ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది. సెంటు వాసన వచ్చిన వైపుకి చెయ్యి చాచి, సీసాతో సహా ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు ఫౌస్టో.

“మీరా డాక్టరమ్మా! దొంగతనానికొచ్చి ఎవరైనా పేరు చెప్తారా?”

“మూడేళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నాను కదా ఫౌస్టో,” ఆమె ఏడ్చేసింది. “అలవాటైపోయింది.”

ఊరంతా ఆమెని కూతురిలా చూసుకుంది. అయినా అతను సంకెళ్ళు వేశాడు.

మర్నాడు లిమాలో కర్నల్ గది గడప మీద ఆగాడు.

“నేను, ఫౌస్టోని సార్.”

“ఎదురుగానే ఉన్నావుగా! పేరెందుకయ్యా?”

ఫౌస్టో పిస్తోలు తీసి బల్ల మీద పెట్టాడు. “ఆ చుక్కలు నాక్కూడా వేయించాలి సార్. మీ పక్క కుర్చీలో ఎవరైనా ఉంటే, వాళ్ళని కూడా కాస్త పేరు చెప్పమనండి.”