జువ్వలదిన్నె రేవులో నల్ల పలక

సైంటిస్టు సంజీవరావు ల్యాబ్ గుమ్మంలోనే కుప్పకూలాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు పక్క గదిలో ఉన్న అసిస్టెంట్ వాణికి వినిపించనే లేదు. ఆమె వచ్చి చూసేసరికి ఆయన ప్రాణం పోయింది. బీరువాలోని కార్బన్ ఎలక్ట్రోడ్ మాయమైంది.

ఏజెంట్ టైటస్‌కి చీఫ్ ఫోన్ చేశాడు.

"ఆ ఎలక్ట్రోడ్ అరచేతంత నల్ల పలక. కరెంటు పెడితే నీళ్లలో ఉప్పును లాగేస్తుంది. మామూలు కార్బన్ కొద్ది వారాలకే దెబ్బతింటుంది. దీనికి సంజీవరావు ఏదో పూత వేశాడు, ఏడాదైనా చెక్కుచెదరలేదు. ఆ రహస్యం ఆయనతోనే పోయింది. పలక దొరికితే వాణి పరీక్షించి మళ్లీ తయారుచేయగలదు."

"దొరక్కపోతే?"

"తీరంలోని ఊళ్లకు ఆ ఉప్పు బోర్లే గతి. విదేశీ ముఠా పని ఇది. లీడర్ మాథ్యూ, జువ్వలదిన్నె హార్బర్ నుంచి దాటిస్తున్నాడు. ముఠాలో మన మనిషి షారన్ ఉంది. కోడ్ వర్డ్ వంజరం."

మిట్టమధ్యాహ్నం. లుంగీ, తలగుడ్డ, భుజాన ఐసు గడ్డ. రేవులో కూలీగా నిలబడ్డాడు టైటస్. చొక్కా గుండీలో ట్రాన్స్‌మిటర్ ఉంది. నొక్కితే గస్తీ బోటు వస్తుంది.

నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. షారన్ దగ్గరికొచ్చింది.

"వంజరం ఉందా అన్నా?"

"ఐసులో ఉందక్కా."

ఆమె నీలం పడవ చూపించింది. టైటస్ ఎక్కాడో లేదో ఇంజను మోగింది. వీపుకు పిస్టల్ తగిలింది. పట్టుకున్నది షారనే!

పడవలోనే ఉన్న మాథ్యూ నవ్వుతూ టైటస్ చొక్కా గుండీ తెంపి సముద్రంలోకి విసిరాడు. ఒడ్డు దూరమైపోతోంది. ఎదురుగా ముఠా ట్రాలర్ కాచుకుని ఉంది. రెండేళ్లుగా ఆమె పంపిన ప్రతి కబురూ నమ్మాడు టైటస్. ఇప్పుడు ఆయుధం లేదు, సాయం లేదు.

"ల్యాబ్ దారి చూపించింది నువ్వేనా?"

"దొంగతనమన్నారు. చంపతారని చెప్పలా." అంది షారన్. "హెల్పర్‌నని చెప్పుకొని ల్యాబ్‌లో చేరితే, ఆయన దినామూ తన క్యారియర్‌లో అన్నం పెట్టినాడు నాకు."

"ముందు వీణ్ని కాల్చు, తర్వాత ఏడువు," అన్నాడు మాథ్యూ. పడవ ట్రాలర్‌ను ఆనుకుంది. పలక ఉన్న పెట్టెను పైకి విసరడానికి చెయ్యెత్తాడు.

పిస్టల్ పేలింది. మాథ్యూ మోచెయ్యి చిట్లింది. పెట్టె అంచుకు కొట్టుకుని పగిలింది, పలక నీళ్లలో పడింది. టైటస్ దూకేశాడు. కళ్లు మండుతున్నాయి, ఊపిరి అందడం లేదు. చీకట్లోకి జారిపోతున్న నలుపు చివరి క్షణంలో వేళ్లకు దొరికింది.

పైకి తేలేసరికి కాల్పుల మోతకు బెదిరి ట్రాలర్ పారిపోతోంది. షారన్ డ్రైవర్ తలకు పిస్టల్ ఆనించి, టైటస్‌ను ఎక్కించుకుని పడవను ఒడ్డుకు తిప్పించింది. రేవులో దిగగానే పోలీసుల సంకెళ్లకు తనే చేతులు చాపింది.

అక్కడే ఎదురుచూస్తున్న వాణి ముందు టైటస్ తల దించుకున్నాడు.

"క్షమించండి మేడమ్. ఉప్పునీళ్లలో పూర్తిగా నానిపోయింది."

వాణి పలకను గుండెలకు హత్తుకుంది. ఏడుస్తూనే నవ్వేసింది.

"దాన్ని చేసిందే అందుకు కదా, టైటస్ గారూ!"