అన్నానికి పిలిచిన వెలుగు

...పిలిస్తే రాకుండా ఉండే మనిషి కాదే. పెళ్లయినప్పటి నుంచి ఒక్కపూటైనా అన్నం చల్లారనిచ్చాడా? మరి ఆ పొద్దు ఎందుకు రాలేదు? కొండమీది రిసార్టు హాల్లో మెత్తటి సోఫా అంచున కూర్చుని కుప్పమ్మ మళ్లీ అదే తలపోస్తోంది. సోఫా లోపలికి కుంగుతుంటే తానూ ఎక్కడికో దిగిపోతున్నట్టు ఉందామెకు.

భర్త గురప్ప ఈ కొండమీదే లోయలో పడి చనిపోయాడు. జారిపడ్డాడని పోలీసులు తేల్చేశారు. నగరిలో మరమగ్గాల ఇరుకు సందుల్లో బతుకంతా తిరిగినవాడు జారిపడడని ఆమె నమ్మకం. ఎవరో తోశారు. ముందురోజు రిసార్టు యజమాని రామచంద్రతో ఆయన గొడవపడ్డాడు కూడా. అందుకే కొడుక్కి చెప్పకుండా తిరుపతి వెళ్లి, పరాశర్ అనే ప్రైవేటు డిటెక్టివును పట్టుకుంది.

ఇప్పుడు పరాశర్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, తాను నుదుట నామంతో కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆయన సహాయకురాలు వేదిక కళ్లార్పకుండా ఆయన్నే చూస్తోంది.

“మీ నామం సూసి లడ్డు తెచ్చినారనుకుంటి సామీ,” అన్నాడు రామచంద్ర. “కేసు తెచ్చినారే!”

“లోయ అంచున అడ్డంగా కట్టిన తాడు ఏమైంది?” అడిగాడు పరాశర్.

“సివికిపోయిందని మేనేజరు ముందురోజే తీయించినాడబ్బా. కొత్తది కట్టేలోపల ఇట్లయిపాయ.”

ఆ మేనేజరు కుప్పమ్మ కొడుకే, హేమచంద్ర. నగరిలో మగ్గాల షెడ్డు అమ్మేసి రిసార్టులో వాటా తీసుకోవాలని వాడి ఆశ. తన ఊపిరి ఉన్నంతవరకు మగ్గం ఆగదని తండ్రి పంతం. ఒప్పిస్తానని చెప్పి తల్లిదండ్రులను మొదటిసారి కొండకు పిలిపించాడు.

“ఆ పొద్దున ఏం జరిగింది హేమచంద్రా?”

“మంచు కమ్ముకోని ఏమీ కనపడలే. నాయన అవతల బండమీదికి పోయినాడు. గొంతు పగిలేటట్టు పిలిసినా. పలకలే.”

“మీరూ పిలిచారా అమ్మా?”

“పిలిసినా సామీ. టార్చి రెండుతూర్లు ఆర్పి ఎలిగించినా.”

“అదేం పిలుపమ్మా?” అంది వేదిక.

చదువుకున్న పిల్లకు ఇదీ తెలియదే అని కుప్పమ్మకు నవ్వొచ్చింది. “మగ్గాలు ఆడతా ఉంటే నోటిమాట యాడ ఇనపడతాది పాపా? బల్బు రెండుతూర్లు ఆర్పి ఎలిగిస్తే అన్నానికి రమ్మని. ఆ సద్దుకు ఆయన సెవులు ఎప్పుడో పోయినాయి. ఎలుగు సూస్తే మాత్రం సక్కా వచ్చేస్తాడు.”

వేదిక ముఖం పాలిపోయింది. “సార్, అమ్మను కాసేపు బయట కూర్చోబెడదామా?”

“ఎవరు చంపారని అడిగిందే ఆమె కదా.” పరాశర్ గొంతులో, చిక్కుముడి విప్పినవాడి ముచ్చట ఉంది. “ఎక్కడ నిలబడి చూపించారమ్మా?”

“కాటేజీ ఎనక వసారాలో. నాయన దారి తప్పుతాడు, ఈడనుంచి ఎలుగు సూపీ మా అని వాడే టార్చి ఇచ్చి నిలబెట్టినాడు.”

“బండనుంచి కాటేజీకి దారి ముందువైపు చుట్టూ తిరిగి వస్తుంది. వెనక వసారాకీ బండకీ నడుమ ఉన్నది లోయ. ఆ పొద్దున అది మంచుతో నిండి నేలలాగే కనిపించింది. అడ్డుగా తాడు లేదు. చెవులు వినపడని తండ్రిని కేకలేసి పిలిచానంటున్నాడు కొడుకు. ఆ కేకలు చుట్టుపక్కలవాళ్ల కోసం. తండ్రి కోసం వాడు పెట్టింది మీ వెలుగు. గురప్పను ఎవరూ తోయలేదమ్మా. వెలుగు చూసి నడుచుకుంటూ వచ్చాడు.”

రాలేదనుకుంది ఇన్నాళ్లూ. వచ్చాడు. పిలవగానే, ఎప్పటిలాగే, చక్కా వచ్చాడు.

“నేను తాకనే లేదు,” అన్నాడు హేమచంద్ర. పెదవి చివర నవ్వు. “ఎవురు పిలిసినారో మాయమ్మనే అడగండి.”

“నిజమే,” అన్నాడు పరాశర్. “వీడే నిలబెట్టాడని మీరు స్టేషన్లో చెబితేనే కేసమ్మా. లేకుంటే లేదు.”

హేమచంద్ర నవ్వు ఆరిపోయింది. లేచి వచ్చి తల్లి ముందు మోకాళ్లమీద కూలబడ్డాడు. “మా, ఇంక నీకుండేది నేనొక్కణ్ణే గదా,” అంటూ రెండు చేతులతో ఆమె పాదాలు పట్టుకున్నాడు.

అరచేతులు వెచ్చగా ఉన్నాయి. చిన్నప్పుడు జ్వరమొస్తే ఇంతే వెచ్చగా ఉండేవి. తెల్లారేదాకా పట్టుకుని కూర్చునేది.

కుప్పమ్మ తన పాదాలు మెల్లగా వెనక్కి లాక్కుంది.